రెండు పెళ్ళిళ్ళ నడుమ ఒక చిత్రకారిణి: కలకత్తాలో డయానా హిల్

సారాంశం: 1786లో కలకత్తా చేరిన ఆంగ్ల సూక్ష్మ రూపచిత్రకారిణి డయానా హిల్ జీవితాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆమె వృత్తి ఎంతకాలం సాగాలో తేల్చింది ప్రతిభ కాదనీ, వివాహమేననీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సూక్ష్మ రూపచిత్రం, ఏనుగు దంతం, కంపెనీ కాలం, వితంతువు, వృత్తి హక్కు

1. నేపథ్యం

మన దేశంలో ఆడవాళ్ళు కుంచె పట్టడం ఆంగ్లేయులతో మొదలు కాలేదు. మొగలు చిత్రాల మీద సహీఫా బాను, నాదిరా బాను పేర్లు కనిపిస్తాయి. 18వ శతాబ్ది చివరికి కలకత్తా, మద్రాసుల్లో కొత్త గిరాకీ పుట్టింది. ఓడలో నెలల తరబడి ప్రయాణిస్తే గాని చేరలేని ఇంటికి తన ముఖాన్ని పంపాలనుకున్న కంపెనీ ఉద్యోగికి లాకెట్లో ఇమిడే బొమ్మే అనువు. 1785 నుంచి 1795 వరకు మద్రాసులో పనిచేసిన జాన్ స్మార్ట్ ఆర్కాటు నవాబు మహమ్మదలీ కుటుంబాన్ని చిత్రించాడు. ఆ బొమ్మల మీద తన పొడి అక్షరాలు, సంవత్సరంతో పాటు ఇండియాకు గుర్తుగా ‘ఐ’ అక్షరం వేసేవాడు.

2. పని తీరు

నీటిరంగుల సూక్ష్మచిత్రానికి దంతపు పలకను వాడుకలోకి తెచ్చినది వెనిస్ చిత్రకారిణి రోసాల్బా కారియేరా (1673–1757). దంతాన్ని పలచని రేకుగా కోసి, జిడ్డు తీసి, నున్నదనం కాస్త విరిగేలా రుద్దుతారు. లేకపోతే రంగు నిలవదు. తుమ్మ బంక కలిపిన రంగును సన్నని చుక్కలుగా, గీతలుగా పెడతారు. చెంపల దగ్గర రంగు పలచగా ఉంచితే దంతపు తెలుపే చర్మకాంతిగా పైకి వస్తుంది. తప్పు పడితే తడి కుంచెతో తుడిచి మళ్ళీ మొదలుపెట్టాలి.

ఈ పలకకు తేమ పడదు. రేకు వంగుతుంది, రంగు మీద బూజు పడుతుంది.  కలకత్తాలో, హుగ్లీ ఒడ్డున, వానాకాలం తక్కువది కాదు. అందుకే గాజు బిగించి అంచులు మూయడం కూడా పనిలో భాగమే.  

3. జీవితం

డయానా పుట్టింటి పేరు డీట్జ్. రాణి షార్లట్ కొలువులో సూక్ష్మచిత్రకారుడైన జెరెమయ్యా మేయర్ దగ్గర శిష్యరికం చేసి, 1775 నుంచి లండన్ ప్రదర్శనల్లో బొమ్మలు పెట్టింది. 1768లో ఏర్పడిన రాయల్ అకాడమీ స్థాపక సభ్యుల్లో ఇద్దరు స్త్రీలున్నా, నగ్న నమూనాను చూసి గీసే తరగతిలోకి స్త్రీలకు ప్రవేశం లేదు. సూక్ష్మచిత్రానికి ఆ చదువు లేకపోయినా జరిగిపోతుంది. కిటికీ వెలుగు, చిన్న బల్ల ఉంటే చాలు.

తొలి భర్త హిల్ పోయాక, పిల్లలున్న వితంతువుగా ఆమె కలకత్తాలో దిగింది. అక్కడ అప్పటికే పేరున్న ఓజియాస్ హంఫ్రీ ఒక లేఖలో తన దిగులు దాచుకోలేదు: ఈ ఒక్క మనిషి రావడం కంటే ఇంగ్లండులోని మగ చిత్రకారులందరూ బెంగాల్లో దిగినా తనకు నయమేనన్నాడు. ఆమె పనికి ఉన్న గిరాకీకి పోటీదారు ఏడుపు కంటే గట్టి సాక్ష్యం దొరకదు. 1788లో ఆమె లెఫ్టినెంట్ థామస్ హారియట్‌ను పెళ్ళాడింది. వృత్తిగా బొమ్మలు వేయడం దాంతో ఆగింది. 1806లో ఇంగ్లండు తిరిగి వెళ్ళి, 1844లో కన్నుమూసింది.

4. నిర్ధారణ

నాటి ఆంగ్ల చట్టంలో భార్య సంపాదన భర్తది. వివాహిత స్త్రీల ఆస్తిపై 1870 చట్టం వచ్చేదాకా అదే తీరు. బేరం కుదుర్చుకుని, సొమ్ము తన చేతిలోకి తీసుకునే హక్కు పెళ్ళికాని స్త్రీకీ వితంతువుకూ మాత్రమే ఉండేది. డయానా కలకత్తా వృత్తి రెండేళ్ళకు కుదించుకుపోవడానికి నాటి చట్టం ఒక్కటే కారణం అనలేం గాని, ఆ రెండేళ్ళూ ఆమె వితంతువుగా గడిపిన ఏళ్ళే కావడం కాకతాళీయం కాదు. మద్రాసు ఉదాహరణా ఇటే మొగ్గుతుంది. 1777లో అక్కడికి వచ్చిన కేథరిన్ రీడ్ పెళ్ళి చేసుకోకుండా చివరిదాకా చిత్రకారిణిగానే బతికింది. ఆమె వెంట వచ్చిన మేనకోడలు హెలెనా బీట్సన్ చిన్ననాడే బొమ్మలు ప్రదర్శించిన పిల్ల; చరిత్రలో మిగిలింది మాత్రం మద్రాసు గవర్నరు చార్లెస్ ఓక్లీ భార్యగా.

కాబట్టి ఈ కాలపు స్త్రీల చిత్రాలను లెక్కగట్టేటప్పుడు ముందుగా పెళ్ళి తేదీలను పక్కన పెట్టుకోవాలి. డయానాను వెతికేవారు డీట్జ్, హిల్, హారియట్ అని మూడు పేర్ల కింద చూడాలి. జాన్ స్మార్ట్‌కు ఒక్క పేరు సరిపోతుంది.