సున్నం కాల్చిన కంటికి మూలకణాలు

పల్నాడులోని అచ్చంపేట మండలం కృష్ణ ఒడ్డున ఉంది. మాదిపాడు రేవులో పడవెక్కితే అవతల ముక్త్యాల. ఇక్కడినుంచి పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల వైపు సాగే పల్నాటి నేల సున్నపురాయికి పెట్టింది పేరు. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు చెక్కింది ఈ రాతి మీదే. తర్వాతి కాలంలో ఆ రాయి సిమెంటు ఫ్యాక్టరీలకు, పిడుగురాళ్ల బట్టీలకు తరలింది. బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి కాలిన రాయి మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడికి సున్నమవుతుంది. గోడలకు పూసేది, తాంబూలంలో రాసుకునేది అదే.

ఆ సున్నం కంట్లో పడితే మాత్రం ఘోరం. ఆమ్లం కన్నా క్షారం కంటికి ఎక్కువ చేటు చేస్తుంది, ఎందుకంటే కణాల పొరల్లోని కొవ్వును కరిగించుకుంటూ లోలోపలికి దిగిపోతుంది. కూలి పనిలో పెద్దవాళ్లకు, వక్కాకుల సున్నం ప్యాకెట్‌ను ఆటగా నొక్కిన పసివాళ్లకు ఈ ప్రమాదం జరుగుతూనే ఉంది. వెంటనే చేయాల్సింది ఒక్కటే: సున్నపు పలుకులు పోయేదాకా, కనీసం అరగంట సేపు, ధారాళంగా మంచినీళ్లతో కన్ను కడిగి ఆస్పత్రికి పరుగెత్తాలి.

గాయం మానినా చూపు ఎందుకు రాదన్నది చాలాకాలం వైద్యులను వేధించింది. నల్లగుడ్డు మీది పారదర్శక పొర కార్నియాను మార్చినా కొన్నాళ్లకే కొత్తదీ మసకబారిపోయేది. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచును లింబస్ అంటారు. కార్నియా పై పొర అరిగినప్పుడల్లా దాన్ని మళ్లీ పుట్టించే మూలకణాలు ఆ సన్నటి అంచులోనే ఉంటాయని 1970లు, 80లలో పరిశోధకులు తేల్చారు. నారుమడి ఎండిపోతే పొలంలో నాటడానికేముంటుంది? సున్నం ఆ అంచును కాల్చేస్తే తెల్లగుడ్డు పొర రక్తనాళాలతో సహా కార్నియా మీదికి పాకుతుంది.

1989లో అమెరికాలో కెన్యన్, సెంగ్ మంచి కంటి నుంచి లింబస్ ముక్క తీసి దెబ్బతిన్న కంటికి అతికారు. అయితే ఉన్న ఒక్క మంచి కంటి నుంచి అంత కణజాలం కోయాలంటే భయమే. 1997లో ఇటలీలో పెల్లెగ్రిని బృందం చిన్న ముక్కతోనే ల్యాబులో కణాలను పెంచి ఇద్దరు రోగులకు అమర్చింది.

ఆ విద్య హైదరాబాద్‌కు చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. గుంటూరు వైద్య కళాశాలలో చదివిన గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 2001లో ఈ చికిత్స మొదలైంది. శస్త్రచికిత్స వీరేందర్ సంగ్వాన్‌ది. కణాలు పెంచే ల్యాబు బాధ్యత పాథాలజిస్టు గీతా వేముగంటిది. పరిశోధన విభాగాన్ని నడిపినవారు కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) మాజీ డైరెక్టర్ డి. బాలసుబ్రమణియన్. విదేశీ పద్ధతుల్లో ఎలుక కణాలు, దూడ సీరం వాడేవారు. ఇక్కడ వాటిని పక్కనపెట్టి, కాన్పు తర్వాత దొరికే ఉమ్మనీటి సంచి పొర మీద, రోగి సొంత రక్తంలోంచి తీసిన సీరంతో కణాలను పెంచారు. రెండు మిల్లీమీటర్ల ముక్క రెండు వారాల్లోపు పొరగా విస్తరించేది. 200 మంది రోగుల పదేళ్ల ఫలితాలు 2011లో వెలువడ్డాయి. 71 శాతం మందిలో చికిత్స ఫలించింది. రోగి కణాలే కాబట్టి రోగనిరోధక వ్యవస్థ వాటిని తిరస్కరించదు.

గీతా వేముగంటి కృషి ఇంతటితో ఆగలేదు. పసిపిల్లల కంటి క్యాన్సర్ రెటినోబ్లాస్టోమా కణితుల్లోనూ మూలకణాల లక్షణాలున్న కణాల కోసం ఆమె బృందం వెతికింది. చూపు నిలబెట్టే మూలకణాన్ని, గడ్డను పెంచే మూలకణాన్ని ఒకే ల్యాబులో పరిశీలించిన ఆమె తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్రాల విభాగానికి డీన్ అయ్యారు.

ఈ కంటి చికిత్స కథలో అన్నిటికన్నా గొప్ప మలుపు మాత్రం ల్యాబునే వదిలేయడం. కణాలు పెంచే గదికి, సిబ్బందికి అయ్యే ఖర్చు పేద రోగికి అందేది కాదు. 2012లో సంగ్వాన్, సయన్ బసు తదితరులు ఒక కొత్త పద్ధతి ప్రకటించారు: అదే చిన్న ముక్కను ఎనిమిది, పది తునకలుగా చేసి, కంటి మీద పరిచిన ఉమ్మనీటి పొరపై జిగురుతో అతకడం. పెరుగుదల అంతా కంటి మీదే. 2016లో ప్రచురించిన 125 మంది రోగుల ఫలితాల్లో 76 శాతం విజయం కనిపించింది. ల్యాబు లేని ఆపరేషన్ థియేటర్‌లోనూ ఇది చేయవచ్చు. సున్నపు గాయాలు ఎక్కువగా తగిలే మనుషులకు ఇంతకన్నా దగ్గరైన విజ్ఞానం లేదు.

రెండు కళ్లూ కాలినవారి కష్టం వేరు. వాళ్లకు సొంత లింబస్ మిగలదు కాబట్టి బంధువు నుంచో, మరణించిన దాత నుంచో లింబస్ కణాలు తెచ్చుకోవాలి. అవి పరాయివి కాబట్టి రోగనిరోధక శక్తిని అణిచే మందులు దీర్ఘకాలం వాడాలి. ఆ మందుల భారం తగ్గించే మార్గాల కోసం పరిశోధన సాగుతూనే ఉంది.