కవలలకు గండం ఎక్కడుంది?

ఒకే కాన్పులో ఇద్దరు పుట్టారంటే ఇంటిల్లిపాదికీ సంబరమే. ఆ ఇద్దరూ కిలోన్నర కూడా తూగకపోతే సంబరం వెంటే దిగులూ వస్తుంది. కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకముందే పుడతారు. మరి గండం కవలలు కావడంలో ఉందా, తొందరగా పుట్టడంలో ఉందా?

ఆధారాలు ఎక్కువగా రెండో కారణాన్నే చూపుతున్నాయి. శ్వాస ఇబ్బంది, మెదడులో రక్తస్రావం, పేగుల వాపు, ఇన్ఫెక్షన్లు ఇవన్నీ నిండిన వారాలు తగ్గేకొద్దీ పెరుగుతాయి. కవలలకే ప్రత్యేకమైన ముప్పు ఒకటుంది. ఇద్దరికీ మాయ ఒకటే అయితే, అలాంటి గర్భాల్లో 10–15 శాతంలో ఒకరి రక్తం మరొకరికి మళ్లుతుంది. అందుకే మాయ ఒకటా, రెండా అన్నది మొదటి మూడు నెలల స్కానింగులోనే తేల్చుకోవాలి.

ముందస్తు కాన్పును ఆపగలమా? బ్రిటన్‌లో 500 మంది కవల గర్భిణులకు హార్మోన్‌ అయిన ప్రొజెస్టెరాన్‌ జెల్‌ ఇచ్చి చూసిన అధ్యయనం 2009లో వెలువడింది. దానివల్ల ముందస్తు కాన్పులు తగ్గలేదు.

పుట్టాక చేసే సాయానికి మాత్రం గట్టి ఆధారం ఉంది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌ ఆసుపత్రితో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల ఆసుపత్రుల్లో జరిగిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. 1 నుంచి 1.8 కిలోల లోపు శిశువులను పుట్టగానే తల్లి గుండెకు ఆనించి ఉంచితే 28 రోజుల్లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. ఇది కవలల మీదే చేసిన పరీక్ష కాదు. వారికీ మేలు చేస్తుందనడం సమంజసమైన అంచనా. తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు తొడిగిన ఇద్దరినీ తల్లి రొమ్ముకు చెరోపక్క ఆనించి గుడ్డతో కట్టవచ్చు. ఆమె అలసిపోతే తండ్రో, అమ్మమ్మో ఒకరిని అందుకోవచ్చు.

ఇంటికొచ్చాక ఎదుగుదలను సరిచేసిన వయసుతో, అంటే కాన్పు కావాల్సిన తేదీ నుంచి లెక్కించాలి. 32 వారాలకు పుట్టిన బిడ్డకు ఆరు నెలలు వచ్చినా, ఎదుగుదల లెక్కలో నాలుగు నెలలే.

కంటిచూపు విషయంలో మాత్రం ఆలస్యం కూడదు. 34 వారాల లోపు గానీ, 2 కిలోల లోపు బరువుతో గానీ పుట్టినవారికి 30 రోజుల్లోపు రెటీనా పరీక్ష చేయాలన్నది మన దేశంలో పాటిస్తున్న నియమం. మరీ చిన్నవారికి ఇంకా ముందే చేయాలి. హైదరాబాద్‌లోని ఎల్‌.వి.ప్రసాద్‌ కంటి ఆసుపత్రి ఈ పరీక్షలను 1990ల చివరి నుంచే చేపట్టింది. ఇద్దరిలో ఒకరు కాస్త బొద్దుగా ఉన్నారని వదిలేయకండి. ఇద్దరి కళ్లూ పరీక్ష చేయించండి.