ఇంట్లోనే టమాటా నారు: విత్తనం మొలకెత్తాలంటే ఏం చేయాలి?

ఖట్టీ దాల్ అయినా, టమాటే కా కట్ అయినా, ఇడ్లీలోకి పచ్చడి అయినా టమాటా లేకుండా వంటిల్లు నడవదు. 2023 జులైలో చాలా నగరాల్లో కిలో ధర 100 రూపాయలు దాటిపోయింది. సెప్టెంబరు వచ్చేసరికి అదే టమాటాకు గిట్టుబాటు ధర లేక రైతులు నష్టపోయారు. ఈ ఎగుడుదిగుడులు చూసి డాబా మీద నాలుగు కుండీలు పెట్టుకుందామని అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ పని మొదట్లోనే ఆగిపోతుంది. విత్తనాలు వేస్తారు, రోజూ నీళ్లు పోస్తారు, మొలక రాదు. వచ్చినా నాలుగు రోజులకే ఒరిగిపోతుంది. ‘మా చేత్తో మొక్క బతకదు’ అని వదిలేస్తారు. నిజానికి ఇది చేతి మహిమ కాదు. ఎక్కువసార్లు కారణం నీళ్లు ఎక్కువ కావడం, వెలుతురు తక్కువ కావడం.

ఏ విత్తనం మంచిది?

మార్కెట్లో దొరికే టమాటాల్లో చాలావరకు హైబ్రిడ్ రకాలే. వాటి గింజలు కూడా మొలకెత్తుతాయి. అయితే ఆ మొక్కలు తల్లి మొక్కలాగే ఉంటాయన్న నమ్మకం లేదు. ఒకటి బాగా కాస్తే, పక్కది చిన్న కాయలు ఇవ్వచ్చు. ఏటా సొంత విత్తనం దాచుకోవాలనుకునేవారు నాటు రకాలు గానీ, పూసా రూబీ, అర్క వికాస్ లాంటి సూటి రకాలు గానీ ఎంచుకోవాలి. పూసా రూబీ ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రకం. అర్క వికాస్ బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రకం. అదే బెంగళూరు సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ మాత్రం హైబ్రిడ్. తెగుళ్లను బాగా తట్టుకుంటుంది కానీ దాని విత్తనం ప్రతిసారీ కొనుక్కోవాల్సిందే.

ప్యాకెట్ కొనేటప్పుడు గడువు తేదీ చూడాలి. గింజలకు ఎరుపు, నీలం లాంటి రంగు పూసి ఉంటే అది మందు. పిల్లలకు అందనివ్వకండి, పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

పండులోంచి గింజ తీసే పద్ధతి

టమాటా పండులో అంత తడి ఉన్నా లోపల గింజ సాధారణంగా మొలకెత్తదు. గింజ చుట్టూ ఉండే జిగురు పొరే దాన్ని ఆపి ఉంచుతుంది. ఆ జిగురు పోగొడితే మొలక త్వరగా, సమానంగా వస్తుంది.

బాగా ఎర్రగా పండిన, మచ్చలేని కాయను తీసుకుని అడ్డంగా కోయండి. గింజలను గుజ్జుతో సహా గాజు గ్లాసులోకి పిండి, కొంచెం నీళ్లు కలపండి. పల్చటి గుడ్డ కప్పి రెండు మూడు రోజులు నీడలో ఉంచి, రోజుకోసారి కలపండి. పులిసిన వాసన వచ్చి, పైన తెల్లటి తెట్టు కడుతుంది. కంగారు అక్కర్లేదు, అలా కావాల్సిందే. మూడు రోజులకు మించి మాత్రం ఉంచకూడదు, గింజ గ్లాసులోనే మొలకెత్తే ప్రమాదం ఉంది.

తర్వాత నీళ్లు పోసి కలిపితే గట్టి గింజలు అడుక్కి చేరతాయి, తాలు గింజలు పైకి తేలతాయి. తేలినవి పారబోసి, మిగిలినవి టీ వడకట్టే జల్లెడలో కడగండి. స్టీల్ పళ్లెంలో పరిచి నీడలో వారం రోజులు ఆరనివ్వండి. కాగితం మీద ఆరబెడితే అంటుకుపోతాయి. ఎర్రటి ఎండ కూడా పనికిరాదు. పూర్తిగా ఆరాక కాగితపు పొట్లం కట్టి, రకం పేరు, తేదీ రాసి, మూత గట్టిగా ఉన్న సీసాలో పెడితే నాలుగేళ్ల వరకు పనికొస్తాయి.

పది గింజల పరీక్ష

పాత విత్తనం మీద అనుమానం ఉంటే ముందే తేల్చుకోవచ్చు. తడిపి గట్టిగా పిండిన నూలు గుడ్డలో పది గింజలు చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. వారం, పది రోజుల్లో ఏడెనిమిది మొలిస్తే విత్తనం బాగున్నట్టే. మూడు నాలుగే వస్తే గింజలు ఎక్కువ వేయాలి, లేదా మార్చాలి.

మట్టిలో వేయడం

పెరుగు కప్పులు, పేపర్ గ్లాసులు, కత్తిరించిన పాల ప్యాకెట్లు ఏవైనా సరిపోతాయి. అడుగున రంధ్రాలు మాత్రం తప్పనిసరి. కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్ట్ సమానంగా కలిపి నింపండి. పెరటి మట్టి ఒక్కటే వేస్తే గట్టిపడి గింజకు గాలి అందదు. మట్టి కలపాలంటే జల్లించి, కొద్దిగా కలపండి.

గింజను అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు లోతులో పెట్టి పల్చగా కప్పండి. సీసా మూతకు చిన్న రంధ్రాలు చేసి దానితో చిలకరిస్తే గింజ కదలదు. మట్టి పిండిన గుడ్డలా తడిగా ఉండాలి, బురదలా కాదు. మొలక వచ్చేదాకా వెలుతురు అవసరం లేదు, వెచ్చదనం కావాలి. 25 నుంచి 30 డిగ్రీల మధ్య అయిదు నుంచి పది రోజుల్లో మొలక కనిపిస్తుంది. డిసెంబరు, జనవరి చలిలో ఇంకొన్ని రోజులు పట్టవచ్చు.

మొలక వచ్చాకే అసలు జాగ్రత్త

మొలక తల ఎత్తిన రోజునే కప్పును వెలుతురులోకి మార్చాలి. గది మూలలో ఉంచితే కాడ సన్నగా, పొడుగ్గా సాగి పడిపోతుంది. మొదట ఉదయపు ఎండ, తర్వాత రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి.

మట్టిని ఆనుకుని కాడ నల్లబడి, నలిగినట్టై మొక్క ఒరిగితే అది నారుకుళ్లు. తడి ఎక్కువై, గాలి ఆడకపోతే మట్టిలోని బూజు వల్ల వస్తుంది. పడిన మొక్కను తీసేసి, పైమట్టి ఆరేదాకా నీళ్లు ఆపండి. గింజలు దూరం దూరంగా వేయడం, సాయంత్రం కాకుండా ఉదయమే నీళ్లివ్వడం ముందు జాగ్రత్త. ట్రైకోడెర్మా పొడి మట్టిలో కలిపినా మేలు.

రెండో ముప్పు తెల్లదోమ. ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది ఇదే. ఒకసారి వైరస్ సోకిన మొక్కకు మందు లేదు. అందుకే నారు దశలో సన్నటి కళ్లున్న నైలాన్ వల గానీ, పల్చటి పాత దుపట్టా గానీ పందిరిలా కప్పాలి.

ఎప్పుడు వేయాలి, ఎప్పుడు మార్చాలి?

తెలుగు రాష్ట్రాల్లో జూన్-జులై, అక్టోబరు-నవంబరు నెలలు నారుకు అనుకూలం. జనవరిలో కూడా వేయవచ్చు. ఏప్రిల్, మే ఎండల్లో మొక్క బతికినా పూత రాలిపోతుంది.

25 నుంచి 30 రోజులకు నాలుగైదు ఆకులు వస్తాయి. మార్చడానికి వారం ముందు నుంచి నీళ్లు కాస్త తగ్గించి, ఎండ పెంచండి. సాయంత్రం పూట, కనీసం 12 అంగుళాల కుండీకి ఒక్క మొక్క చొప్పున నాటాలి. కింది ఆకులు తీసేసి కాడను సగం దాకా మట్టిలో పాతితే, ఆ కాడకూ వేర్లు పుడతాయి. నాటిన రెండు, రెండున్నర నెలలకు మొదటి పండ్లు కోయవచ్చు.

నాలుగు కుండీలతో ఇంటి టమాటా ఖర్చంతా తీరిపోదు. ధర మండే రోజుల్లో కొంత ఊరట దొరుకుతుంది, అంతే. నాటు రకమైతే మొదట పండిన మంచి కాయల్లో రెండింటిని వంటకు కోయకుండా విత్తనానికి వదిలేయండి. వచ్చే ఏడాది నారుకు ప్యాకెట్ కొనే పని ఉండదు.