యంత్రం మారినా నిలిచిన పేరు: ఫిల్టర్ ప్రెస్, ప్రెస్ మడ్ - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ద్రవం నుంచి ఘనపదార్థాన్ని వేరుచేసే ఫిల్టర్ ప్రెస్ 19వ శతాబ్దంలో ఇంగ్లండు పింగాణీ పరిశ్రమలో వాడుకలోకి వచ్చి, చక్కెర, బంగారు పరిశ్రమలకు విస్తరించింది. దాని పనితీరును, ప్రస్థానాన్ని, తెలుగు చెరకు రైతుల వాడుకలో అది మిగిల్చిన పదాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వడపోత, ఫిల్టర్ ప్రెస్, చెరకు, ప్రెస్ మడ్, గని వ్యర్థాలు.

1. ఉపోద్ఘాతం

పలుచని గుడ్డలో పెరుగును మూటగట్టి వేలాడదీస్తే నీరు జారిపోయి గట్టి పెరుగు మిగులుతుంది. మూటను పిండితే పని త్వరగా ముగుస్తుంది. గుడ్డ, ఒత్తిడి - ఫిల్టర్ ప్రెస్‌కు మూలాధారాలు ఈ రెండే. వడకట్టడం, పిండడం అని తెలుగు వేరుచేసి చెప్పే రెండు పనులను ఆ యంత్రం ఒకేచోట చేస్తుంది.

చెరకు పండే ప్రాంతాల్లో రైతులు చక్కెర మిల్లు నుంచి తెచ్చి పొలానికి ఎరువుగా వేసే మడ్డిని ‘ప్రెస్ మడ్’ అంటారు. అయితే నేటి మిల్లుల్లో ఈ మడ్డిని ఎక్కువగా వేరుచేసేది ప్రెస్ కాదు. ఈ వైరుధ్యానికి సమాధానం యంత్రచరిత్రలో దొరుకుతుంది.

2. పనితీరు

గుడ్డ తొడిగిన పలకలను, ఖాళీ చట్రాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చి గట్టిగా బిగిస్తారు. బురదనీటిని పంపుతో చట్రాల్లోకి నెడతారు. ద్రవం గుడ్డను దాటి, పలకలపై ఉన్న గాడుల వెంట బయటికి వస్తుంది. ఘనపదార్థం లోపలే పొరగా పేరుకుంటుంది. దీనికే ‘కేక్’ అని పేరు. మొదట వచ్చే ద్రవం కొంత మడ్డిగా ఉండవచ్చు. పొర ఏర్పడిన తరువాత తేటపడుతుంది. అంటే అసలు వడపోత జరిపేది గుడ్డ కంటే ఎక్కువగా ఆ పొరే.

ఆ పొరే ఆటంకం కూడా. ఇసుక గుండా నీరు ప్రవహించే వేగం ఒత్తిడి తేడాకు అనులోమానుపాతంలోను, పొర మందానికి విలోమానుపాతంలోను ఉంటుందని ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ 1856లో ప్రకటించాడు. దీని ప్రకారం స్థిరమైన ఒత్తిడిలో, గుడ్డ నిరోధం స్వల్పమైనప్పుడు, కేక్ మందం రెండింతలు కావడానికి సుమారు నాలుగింతల కాలం పడుతుంది. పైగా మెత్తని బురదపై ఒత్తిడి పెంచితే దాని రంధ్రాలే మూసుకుపోతాయి. అందువల్ల బలప్రయోగం కన్నా బురద స్వభావాన్ని మార్చడమే ముఖ్యమైంది.

3. పింగాణీ నుంచి చక్కెరకు

ఇంగ్లండులో నీధామ్, కైట్ అనేవారు 1853లో ఫిల్టర్ ప్రెస్‌కు పేటెంటు పొందారు. అంతకుముందు పింగాణీ కేంద్రాల్లో మట్టినీటిని పొడవైన ఇటుక తొట్లలో పోసి, అడుగున బొగ్గు మండించి ఆవిరి చేసేవారు. నీటిని మరిగించడం కన్నా పిండడం చౌక. ఇంధనం ఆదా కావడమే కొత్త యంత్రానికి బలమైంది.

1860 దశకంలో మధ్య ఐరోపా బీట్ చక్కెర కర్మాగారాలు దీనిని స్వీకరించాయి. బొహీమియాలో చెనెక్ డానెక్ చట్రాల ప్రెస్‌ను ఆ పరిశ్రమకు అనువుగా రూపొందించాడు. రసంలో సున్నం కలిపి బొగ్గుపులుసు వాయువు పంపితే ఏర్పడే కాల్షియం కార్బొనేట్ రేణువులు మలినాలను పట్టుకుంటాయి, కేక్‌ను గుల్లగా ఉంచుతాయి. బురద స్వభావాన్ని మార్చడమంటే ఇదే. 1890 దశకంలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని కాల్గూర్లీ బంగారు గనుల్లోనూ, సయనైడు ద్రావణం సులువుగా చొరని జిగట బురదకు ఈ యంత్రమే పరిష్కారమైంది.

4. తెలుగునేలపై పదం

1932 చక్కెర పరిశ్రమ రక్షణ చట్టం తరువాత భారతదేశంలో మిల్లులు వేగంగా పెరిగాయి. బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం 1937లో ఏర్పడింది. ఆ కాలపు చక్కెర పరిశ్రమలో రసపు మడ్డిని వడకట్టే ప్రధాన సాధనం ఫిల్టర్ ప్రెస్. కేక్ నిండిన ప్రతిసారీ పలకలు విప్పి, మడ్డిని గీకి, గుడ్డలు ఉతికి మళ్లీ బిగించాలి. వేడిలో, తడిలో జరిగే ఈ శ్రమ మనుషులదే. క్రమంగా ఆగకుండా తిరిగే వాక్యూమ్ డ్రమ్ములు ఆ స్థానాన్ని ఆక్రమించాయి. యంత్రం తప్పుకున్నా ‘ప్రెస్ మడ్’ అనే పేరు మిగిలింది. సల్ఫిటేషన్ పద్ధతిలో చెరకు బరువులో సుమారు 3-4 శాతంగా వచ్చే ఈ మడ్డి సేంద్రియ పదార్థం, భాస్వరం ఉన్న ఎరువు. కార్బొనేషన్ మడ్డిలో సున్నం అధికం కాబట్టి అది ఆమ్ల నేలలకు తగినది. మిల్లుకు వ్యర్థమైనది రైతుకు విలువైనది కావడం వల్లనే పదం సజీవంగా ఉంది.

5. పునరాగమనం

1958లో జపాన్‌లో స్వయంచాలక ఫిల్టర్ ప్రెస్ రూపొందడంతో పలకలు విప్పే శ్రమ తగ్గింది. నేడు ఈ యంత్రానికి మరో ప్రాధాన్యం ఉంది. 2019 జనవరి 25న బ్రెజిల్‌లోని బ్రుమాడిన్యోలో ఇనుపగని వ్యర్థాల కట్ట తెగి 270 మంది మరణించారు. వ్యర్థాలను బురదగా కట్టల వెనుక నిలవచేయకుండా, నీరు పిండి గట్టి ముద్దలుగా పేర్చే పద్ధతిపై ఆ తరువాత శ్రద్ధ పెరిగింది. ఖర్చు ఎక్కువైనా, కట్ట తెగితే ప్రవహించే బురద పరిమాణాన్ని ఇది బాగా తగ్గిస్తుంది.

6. ముగింపు

ఇంధనం ఆదా కోసం వచ్చిన ఫిల్టర్ ప్రెస్ నేడు ప్రాణరక్షణ చర్చలో భాగమైంది. దాని చరిత్రకు పేటెంటు పత్రాలతో పాటు పొలంలోని మాట కూడా ఆధారమే. ‘ప్రెస్ మడ్’ వంటి వృత్తిపదాలను ఆంగ్లపదాలుగా భావించి విడిచిపెడితే, తెలుగునేలపై పారిశ్రామిక శ్రమచరిత్రకు ఉన్న ఒక ఆనవాలును కోల్పోయినట్లవుతుంది. వృత్తిపదకోశాల్లో వాటిని నమోదు చేయడం భాషాపరిశోధకుల బాధ్యత.