గిద్దలూరు నల్లమలలో కలప కోత: నష్టం తగ్గించే పద్ధతులు

ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమాన గిద్దలూరు అటవీ డివిజనులో ఉన్న నల్లమల, ఎండాకాలంలో ఆకు రాల్చే ఉష్ణమండల అడవి. టేకు, నల్లమద్ది, యేగిస, చిరుమాను, సాధన వెదురు ఇక్కడి ప్రధాన వృక్షజాతులు. చెంచు గిరిజనులకు ఇది నివాసం, జీవనాధారం. ఈ కొండల్లో పుట్టే గుండ్లకమ్మ కంభం చెరువును నింపుతుంది. కాబట్టి ఇక్కడి కోత మంచి చెడ్డలు దిగువ పొలాల దాకా వెళ్తాయి.

నష్టం ఎలా జరుగుతుంది

కూలిన మాను తీగలతో పెనవేసుకున్న పక్క చెట్లనూ లాగేస్తుంది. దుంగలు ఈడ్చిన చోట నేల గట్టిపడి నీరు ఇంకదు. వానకు ఆ జాడలే వాగులై మట్టిని కోసుకుపోతాయి. ఆ పూడిక చెరువుకు చేరుతుంది. కలప కోసం వేసిన బాట దొంగ నరుకుళ్లకూ దారి చూపుతుంది.

కోతలో జాగ్రత్తలు

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1996లో ప్రకటించిన అటవీ కోత ఆదర్శ నియమావళి వానాడవులతో పాటు అన్ని అడవులకూ వర్తించేదే. నరికే చెట్లకు ముందే గుర్తు వేయాలి. తీగలు ముందే తెంపాలి. చెట్టును ఎంచుకున్న దిక్కుకే కూల్చాలి. నిటారు వాలులోనూ వాగు గట్టుమీదా గొడ్డలి పెట్టకూడదు. వానాకాలంలో పని ఆపాలి. పని ముగిశాక ఈడ్పు బాటలకు అడ్డుకట్టలు వేయాలి.

వెదురు పొదలో ఆ ఏటి లేత గడలను ముట్టకూడదు. వాటికి ఆసరాగా కొన్ని ముదురు గడలను వదిలి, మిగిలినవాటిని నేలకు దగ్గరి కణుపుకు కాస్త పైన కోయాలి.

చట్టం, హక్కులు

కేంద్రం ఆమోదించిన కార్యప్రణాళిక లేకుండా అడవుల్లో చెట్లు నరకరాదని గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఆదేశించింది. నల్లమలలోని గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యానికి 1972 వన్యప్రాణి చట్టపు కట్టడి అదనం. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయంగా గుర్తించింది. దాన్ని సేకరించుకునే హక్కున్న చెంచుల మాట కోత నిర్ణయాల్లో చెల్లాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992లో మొదలైన వన సంరక్షణ సమితులు ఊరివాళ్లను అటవీ రక్షణలో భాగస్వాములను చేశాయి.

కోత తర్వాత

కూపు (కోతకు కేటాయించిన అటవీ భాగం) నరకడంతో పని ముగియదు. మోడును నేలకు దగ్గరగా, నీరు నిలవకుండా ఏటవాలుగా కోస్తే పిలకలు బలంగా లేస్తాయి. అవి పశువుల నోటికి అందనంత ఎత్తు ఎదిగేదాకా మేతను ఆపాలి. ఏటా ఎండలు ముదరకముందే నిప్పు పాకకుండా ఫైర్ లైన్లు శుభ్రం చేయాలి. ఈ కాపలాకు మనుషులు, డబ్బు సమకూరని చోట కూపు వేయకపోవడమే మేలు.