అదృష్టవంతుని పేరు ఎవరికి తెలియాలి? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల 'డ్రా' పద్ధతులు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
లాటరీ విజేత పేరును గోప్యంగా ఉంచవచ్చునా అనే చర్చ సాధారణంగా వ్యక్తి భద్రతకు, ప్రజల నమ్మకానికి మధ్య పోటీగా సాగుతుంది. లాటరీ టికెట్ల అమ్మకం చట్టసమ్మతం కాని తెలంగాణలో ఇదే ప్రశ్న మద్యం దుకాణాల కేటాయింపు, చిట్టీలు, గల్ఫ్ డ్రాల రూపంలో ఎదురవుతోంది. ఈ మూడు రూపాలను చారిత్రక నేపథ్యంలో పరిశీలించి, పేరు తెలుసుకునే హక్కు గెలుపు పరిమాణాన్ని బట్టి కాక, గెలిచిన దాని స్వభావాన్ని బట్టి నిర్ణయం కావాలని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అదృష్టం, చీటి, డ్రా, బినామీ, గోప్యత, సమాచార హక్కు, సూర్యాపేట.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'అదృష్టం' అనే మాటకు వ్యుత్పత్తిపరంగా 'కనబడనిది' అని అర్థం. శాస్త్రగ్రంథాలలో ఇది పూర్వకర్మ వల్ల కలిగి, కంటికి కనబడక ఫలితమిచ్చే శక్తికి పారిభాషిక పదం. వ్యవహారంలోకి వచ్చేసరికి అది కలిసివచ్చిన కాలానికి పేరయింది. అదృష్టం కనబడనిదే అయినా, అదృష్టవంతుడు మాత్రం కనబడాలని సమాజం కోరుకుంటుంది. ఈ కోరిక ఎక్కడ న్యాయమైనది, ఎక్కడ కేవలం కుతూహలం అన్నదే ఇక్కడి ప్రశ్న.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని పట్టణాలు. 2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మొదటి రెండూ కొత్త సూర్యాపేట జిల్లాలో చేరగా, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే మిగిలింది. ఈ పట్టణాలలో లాటరీ టికెట్ దుకాణాలు లేవు. అయినా చీటి తీసి ఫలితం తేల్చే పద్ధతి ఇక్కడివారికి కొత్తది కాదు.

2. బహిరంగంగా తీసిన చీటి: పూర్వరంగం

దక్షిణ భారతంలో చీటి పద్ధతికి విస్తృతమైన లిఖిత సాక్ష్యం ఉత్తరమేరూరులోని చోళ పరాంతకుని కాలపు శాసనాలు. క్రీ.శ. 919, 921 నాటి ఈ శాసనాలు గ్రామసభ వారియాలకు సభ్యులను ఎన్నుకునే విధానాన్ని వివరిస్తాయి. అర్హుల పేర్లు రాసిన తాటాకులను కుండలో వేస్తారు. ఏమీ తెలియని బాలుని చేత ఒక ఆకు తీయిస్తారు. దానిని అందుకునే మధ్యస్థుడు ఐదు వేళ్లూ చాచిన అరచేతితో అందుకోవాలి. చదివిన పేరును సభలోనివారు మళ్లీ చదవాలి. చేతిలో మరో ఆకు దాచే వీలు లేకుండా చేసిన ఏర్పాటు ఇది. ఇక్కడ పేరు బహిరంగం కావడానికి కారణం స్పష్టం. చీటి ద్వారా దక్కుతున్నది ధనం కాదు, గ్రామంపై అధికారం.

హక్కును బహిరంగం చేయడం తెలుగు నేలకూ పరిచితమే. సూర్యాపేట సమీపంలోని పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు ఆలయాలు, శాసనాలు ఉన్నాయి. మన దానశాసనాలు సాధారణంగా దాతను, ప్రతిగ్రహీతను, దానభూమి హద్దులను రాతిపై నమోదు చేస్తాయి. తరువాతి తరాలు ఆ హక్కును కాదనకుండా ఉండటానికే ఆ ప్రకటన. చీటి పద్ధతికి, దానశాసనానికి నేరుగా సంబంధం లేదు. కాని ప్రజలందరినీ బంధించే హక్కు పదిమందికీ తెలియాలన్న సూత్రం రెండింటికీ సమానం.

ధనం కోసం నడిచే లాటరీ చరిత్ర వేరు. కంపెనీ పాలనలో 1817లో ఏర్పడిన కలకత్తా లాటరీ కమిటీ ఆ ఆదాయంతో నగర నిర్మాణ పనులు చేపట్టింది. 1844 నాటి 5వ చట్టం ప్రభుత్వ అనుమతి లేని లాటరీలను నిషేధించింది. 1870లో భారత శిక్షాస్మృతిలో చేరిన 294-ఎ సెక్షన్ అనుమతి లేని లాటరీ కార్యాలయం నడపడాన్ని నేరంగా పేర్కొంది. 1998 లాటరీల నియంత్రణ చట్టం రాష్ట్రాలు లాటరీ నడపడానికి షరతులు విధించి, ఇతర రాష్ట్రాల టికెట్ల అమ్మకాన్ని నిషేధించే అధికారాన్ని 5వ సెక్షన్ ద్వారా రాష్ట్రాలకు ఇచ్చింది. ఈ చట్టం రాష్ట్రమే డ్రా నిర్వహించాలంటుంది, గడువులోగా ఎవరూ కోరని బహుమతి ప్రభుత్వానికి చెందుతుందంటుంది. విజేత పేరు ప్రకటించాలని మాత్రం తన షరతులలో ఎక్కడా చెప్పదు.

3. మద్యం దుకాణాల డ్రా: పేరు ఉన్నా మనిషి కనబడని స్థితి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలను వేలం ద్వారా కేటాయించేవారు. 2011 చివరలో అవినీతి నిరోధక శాఖ మద్యం సిండికేట్లపై జరిపిన దాడులలో, తెల్ల రేషన్ కార్డు ఉన్న పేదల పేర్లపై లైసెన్సులు తీసుకొని ఇతరులు వ్యాపారం చేస్తున్న సంగతి బయటపడింది. 2012లో ప్రభుత్వం వేలాన్ని విడిచి డ్రా పద్ధతికి మారింది. తెలంగాణ ఏర్పడిన తరువాతా ఇదే కొనసాగుతోంది. పద్ధతి మారినా జనవ్యవహారంలో 'వైన్స్ టెండర్ వేయడం' అనే మాట నిలిచిపోయింది.

2023లో రాష్ట్రంలోని 2,620 దుకాణాలకు లక్షా 31 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. తిరిగి ఇవ్వని 2 లక్షల రూపాయల రుసుము ద్వారానే ప్రభుత్వానికి సుమారు 2,639 కోట్లు సమకూరాయి. 2025లో రుసుము 3 లక్షలకు పెరిగింది. దరఖాస్తులు సుమారు 95 వేలకు తగ్గినా ఆదాయం 2,850 కోట్లు దాటింది. అక్టోబర్ 27న జిల్లాల వారీగా డ్రా తీశారు. 2021 నుంచి గౌడ కులస్థులకు 15, షెడ్యూల్డు కులాలకు 10, షెడ్యూల్డు తెగలకు 5 శాతం దుకాణాలు కేటాయిస్తున్నారు.

ఇక్కడ విజేత పేరు ప్రకటించడం తప్పనిసరి అనడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, గెలిచింది బహుమతి కాదు, రెండేళ్లపాటు ప్రజల మధ్య మద్యం అమ్మే అనుమతి. రెండవది, రిజర్వేషన్ అమలు సరిగా జరిగిందో లేదో పేర్లు లేకుండా పరీక్షించలేం. అయితే 2011 అనుభవం మరో పాఠం కూడా చెబుతుంది. నాడు కాగితంపై పేరు ఉంది, అసలు యజమాని మాత్రం కనబడలేదు. విజేతకు 'గుడ్‌విల్' ముట్టజెప్పి దుకాణాన్ని ఇతరులు నడుపుకోవడం నేటికీ పత్రికలలో చర్చకు వస్తూనే ఉంది. అంటే పేరును ప్రకటించడం పారదర్శకతకు ఆరంభం మాత్రమే. పెట్టుబడి ఎవరిది, లాభం ఎవరికి అన్న వివరం లేనప్పుడు ప్రకటించిన పేరే ముసుగుగా మారుతుంది.

4. చిట్టీ: పాలివారికి మాత్రమే తెలియవలసిన పేరు

చీటి అంటే రాసిన చిన్న కాగితం. ఆ కాగితం పేరే ఒక పొదుపు పద్ధతికి పేరయింది. తెలంగాణ వ్యవహారంలో 'చిట్టీ వేయడం', 'చిట్టీ పాడటం', 'చిట్టీ ఎత్తడం' అనే మూడు క్రియలు ఈ వ్యవహారం మొత్తాన్ని చెప్పేస్తాయి. 1971లో ఆంధ్రప్రదేశ్, 1982లో కేంద్రం చిట్‌ఫండ్ చట్టాలు చేశాయి. కేంద్ర చట్టం నిర్వచనం ప్రకారం చిట్టీ మొత్తం ఎవరికి దక్కాలో చీటి, వేలం లేదా టెండరు ద్వారా తేల్చవచ్చు. డ్రా సభ్యుల సమక్షంలో జరగాలి, దాని వివరాలను మినిట్స్‌లో నమోదు చేసి, ప్రతిని రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి.

చిట్టీ ఎత్తినవారి పేరు తోటి సభ్యులకు తెలియడం అవసరం. ఎత్తిన తరువాత కూడా వారు మిగిలిన వాయిదాలు కట్టాలి, జామీను ఇవ్వాలి. కట్టకపోతే నష్టపోయేది తోటి సభ్యులే. కాని ఆ పేరు ఊరంతటికీ తెలియవలసిన పని లేదు. పాలు ఉన్నవారికి సమాచారం, పాలు లేనివారికి గోప్యత అన్న విభజనను ఈ వ్యవస్థ ఏనాడో సాధించింది. నమోదు కాని చిట్టీలలో మినిట్స్‌కు, జామీనుకు చట్టబలం ఉండదు. అక్కడ సభ్యులకు తెలిసిన పేరు కూడా వారిని కాపాడలేదు.

5. టికెట్ బహుమతి: సంఖ్య చాలునా?

ఇక అచ్చమైన లాటరీ. కేరళ 1967లో ప్రభుత్వ లాటరీని ప్రారంభించింది. 2022 సెప్టెంబర్ 18న తీసిన ఓణం బంపర్ డ్రాలో 25 కోట్ల ప్రథమ బహుమతి గెలిచిన వ్యక్తి, సహాయం కోరి వచ్చేవారి తాకిడికి మనశ్శాంతి కోల్పోయానని కొద్ది రోజులకే మీడియా ముందు వాపోయాడు. అబుదాబి 'బిగ్ టికెట్' డ్రాలో వేదిక మీది నుంచే విజేతకు ఫోన్ చేస్తారు. అటువంటి డ్రాలలో గెలిచిన తెలంగాణ వలస కార్మికుల పేరు, ఊరు, ఫొటో మన పత్రికలలో అచ్చవుతుంటాయి. కార్మికుడు గల్ఫ్‌లో ఉంటే, ఇంటి ముందు చేరే జనానికి సమాధానం చెప్పవలసింది ఊళ్లోని కుటుంబమే.

అమెరికాలో 2018లో న్యూహాంప్‌షైర్ న్యాయస్థానం 56 కోట్ల డాలర్ల పవర్‌బాల్ విజేత పేరును గోప్యంగా ఉంచడానికి అనుమతించి, ఊరి పేరును మాత్రం వెల్లడించవచ్చునన్నది. దీనికి ఎదురు నిలిచే ఉదాహరణ అయోవా రాష్ట్రానిది. 2010 డిసెంబర్ 'హాట్ లాటో' బహుమతిని ఒక ట్రస్టు పేరుతో, అసలు విజేత ఎవరో చెప్పకుండా కోరారు. ఆ రాష్ట్ర చట్టం అజ్ఞాత విజేతను అంగీకరించనందున బహుమతి నిలిచిపోయింది. టికెట్ కొన్న వ్యక్తి వీడియోను అధికారులు 2014లో విడుదల చేయగా, పరిచయస్థులు గుర్తుపట్టారు. అతడు లాటరీ సంస్థలోనే సమాచార భద్రతాధికారి. 2015లో దోషిగా తేలాడు.

గోప్యతను సమర్థించేవారు ఈ ఉదాహరణను దాటవేయలేరు. కాని ఇక్కడ బహుమతిని ఆపింది విజేత ఎవరో నిర్వాహకులకు తెలియాలన్న నియమం. ప్రజల సహాయం అవసరమైంది అనుమానం బలపడిన తరువాత. కనుక గోప్యత నిర్వాహకుల ముందు చెల్లదు, దర్యాప్తు వేళ పూర్తిగా నిలవదు. ఈ రెండు పరిమితులకు లోబడిన గోప్యతకు అయోవా ఉదంతం అడ్డు కాదు.

6. చట్టం చూపే దారి

2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలను, రాయితీలు, పర్మిట్లు, అనుమతులు పొందినవారి వివరాలను ప్రభుత్వ సంస్థలు తమంతట తామే ప్రకటించాలి. మద్యం లైసెన్సు ఈ పరిధిలోకే వస్తుంది. మరోవైపు, 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023 వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని సవరించి, వ్యక్తిగత సమాచార మినహాయింపును విస్తరించింది. ఈ సవరణను సాకుగా చూపి లైసెన్సుదారుల పేర్లు దాచే ప్రమాదం ఉంది. 8(2)లోని ప్రజాప్రయోజన నిబంధన ఇంకా ఉన్నదని గుర్తుచేయడం అవసరం.

టికెట్ విజేత విషయంలో ప్రభుత్వానికి తెలియనిదేమీ ఉండదు. లాటరీ ఆదాయంపై 30 శాతం పన్ను, మూలంలో కోత, పాన్ నమోదు ఉన్నాయి. కాబట్టి అతడు కోరేది ప్రభుత్వం నుంచి దాగడం కాదు, అపరిచితుల నుంచి రక్షణ.

7. ముగింపు

పై పరిశీలనలో మూడు స్థాయిలు తేలుతున్నాయి. చీటి ద్వారా ప్రజాహక్కు దక్కినప్పుడు విజేత పేరు ప్రజలందరికీ తెలియాలి, దాని వెనుక పెట్టుబడిదారు పేరు కూడా తెలియాలి. ఉమ్మడి ధనం దక్కినప్పుడు పాలివారికి తెలిస్తే చాలు. టికెట్ కొని గెలిచిన సొంత ధనమైతే గెలిచిన సంఖ్య, డ్రా విధానం, చెల్లింపు జరిగిన విషయం ప్రజలకు తెలియాలి, పేరు నిర్వాహకులకు, పన్ను శాఖకు, అవసరమైతే దర్యాప్తు సంస్థకు తెలియాలి.

ప్రస్తుతం మన సమాజంలో ఈ క్రమం తలకిందులుగా నడుస్తోంది. గల్ఫ్‌లో టికెట్ గెలిచిన కార్మికుని ఇంటి చిరునామా దాకా ప్రచారంలోకి వస్తుంటే, మద్యం దుకాణం వెనుక అసలు యజమాని పేరు మరుగున ఉంటోంది. ఉత్తరమేరూరు సభ చాచి చూపమన్నది చీటిని అందుకునే మధ్యస్థుని అరచేతిని. డ్రా నిర్వహించేవారి చేతులు అంత స్పష్టంగా కనబడినచోట, సొంత ధనం గెలిచినవాని ముఖం కనబడకపోయినా ప్రజలకు లోటు లేదు.