వాల్తేరు గుట్టలపై గురుపరంపర

1926లో బెజవాడయందు స్థాపితమై, కొలది యేండ్లలోనే వాల్తేరు గుట్టలమీదికి తరలివచ్చిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, ఆదిలో కళాశాలలకు పరీక్షలు జరిపి పట్టములొసగు సంస్థగా మాత్రమే యుండెను. ప్రథమోపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారు 1930లో ఆంగ్ల ప్రభుత్వపు దమననీతికి నిరసనగా పదవిని విడనాడిరి. అటుపిమ్మట 1931లో ఆ పీఠమధిష్ఠించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిపై, పట్టములిచ్చు సంస్థను పాఠము చెప్పు సంస్థగా తీర్చు భారము పడినది. జయపురాధీశులు విక్రమదేవవర్మగారు ఏటేట లక్షరూపాయ లొసగి శాస్త్రవిద్యకు అండగా నిలువగా, ఆచార్యులను వెదకుట యుపాధ్యక్షులవంతయ్యెను.

రాధాకృష్ణన్ గారు యౌవనమును నమ్మిరి. ఆక్స్‌ఫర్డున చదివి వచ్చిన వంగదేశీయులు హుమయూన్ కబీరు, హీరేన్ ముఖర్జీలు ముప్పదియేండ్లు నిండకమునుపే యిచట బోధించిరి. తరువాతికాలమున నొకరు కేంద్రమంత్రియై, మరియొకరు లోకసభలో కమ్యూనిస్టుపక్షమునకు వాగ్ధాటియై ప్రసిద్ధి గాంచిరి. కాని వాల్తేరులో వారి నివాసము స్వల్పకాలికమే.

వేళ్లూనినవారి కథ వేరు. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించి, కలకత్తాలో సర్ సి. వి. రామన్ గారి కడ పరిశోధనచేసిన సూరి భగవంతముగారు 1932లో భౌతికశాస్త్రశాఖలో చేరునాటికి ఇరువది రెండుమూడేండ్ల యువకులు. స్ఫటికముల ధర్మములను గణితశాస్త్రములోని సమూహసిద్ధాంతముతో వివరించుచు, వెంకటరాయుడుగారితో గూడి వారు రచించిన గ్రంథమును విశ్వవిద్యాలయమే ప్రకటించినది. లండనులో వర్ణపటశాస్త్రజ్ఞులు ఫౌలరుగారి యొద్ద శిక్షణ గడించిన కె. రంగధామరావుగారు వర్ణపటశాస్త్రమున కిచట నొక పరిశోధనాశాలను నెలకొల్పిరి. మాంచెస్టరులో రాబర్టు రాబిన్సనుగారి శిష్యులైన టి. ఆర్. శేషాద్రిగారు పత్తిపూవు మొదలగు దేశీయ కుసుమములలోని వర్ణద్రవ్యములను శోధించి, నలుదెసల పొలములలో కంటికెదురుగానున్న దానినే ప్రయోగశాలకు ప్రధానవస్తువుగా జేసికొనిరి. తెలుగుశాఖలో పింగళి లక్ష్మీకాంతముగారు, కవియు విమర్శకుడునైన తమ పాండిత్యముచే, ఆధునిక విద్యాలయమున ప్రాచీనసాహిత్యపఠనమునకు గౌరవమును సంపాదించిరి.

1936లో రాధాకృష్ణన్ గారు ఆక్స్‌ఫర్డునకు పోవ, రెడ్డిగారు మరల వచ్చి 1949 వరకు సంస్థను నడపిరి. 1942లో విశాఖపై జపానువారి బాంబులు పడినపిదప, విశ్వవిద్యాలయము కొంతకాలము గుంటూరునకు తరలిపోవలసివచ్చినను, ఆచార్యుల శిష్యులతోడి సంబంధము చెడలేదు. రెడ్డిగారు పదవి విడిచిన 1949లోనే శేషాద్రిగారును ఢిల్లీకి వెడలిరి. కాలక్రమమున భగవంతముగారును ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగను, బెంగుళూరు విజ్ఞానసంస్థకు సంచాలకులుగను పనిచేసిరి. అయినను వాల్తేరు రసాయనశాఖలో శేషాద్రిగారి శిష్యులైన ఎల్. రామచంద్రరావుగారు, వృక్షద్రవ్యముల శోధనను మరియొక తరమువారికి నేర్పిరి.

విఖ్యాతులు కొన్నాళ్లు బసచేసిన మాత్రమున నే విద్యాలయమును గొప్పది కాజాలదు. గురువు వెడలినపిమ్మట నాతని శాస్త్రము శిష్యునిచేత నచటనే సాగినచో, ఆ స్థలమునకు విద్యాపీఠమన్న పేరు తగును. వాల్తేరున కా యర్హతను గడించి పెట్టినవారు, తమ తరువాత పాఠముచెప్పువారిని గూడ తామే తయారుచేసిన యాచార్యులు.